బేచిరాక్ ఊళ్ళో పొయ్యి

పరిశోధన మొదలుపెట్టబోతున్న అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య మా ఇంటికి వచ్చి, "చంటిపిల్లను పెట్టుకుని థీసిస్ ఎలా పూర్తి చేశారండీ?" అని అడిగారు. చెప్పవలసినవన్నీ చెప్పాను. చీటీలు వరుస తప్పకుండా పెట్టుకోవాలి. గురువుగారు అడిగేలోపే అధ్యాయం చేతిలో పెట్టాలి. టైపు చేయించేటప్పుడు కార్బను కాగితం దగ్గర పిసినారితనం కూడదు. వాళ్ళు శ్రద్ధగా రాసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు వీధి మలుపు తిరిగాక, అసలు సంగతి చెప్పనే లేదే అనిపించింది. ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నదాన్ని. పిల్లలు పడుకున్నాక దొరికే కాస్త తీరికలో అది రాస్తున్నాను. ఆ అమ్మాయిలు చదివితే చాలు.

రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను మార్కాపురం ఆడపిల్లల హైస్కూల్లో చరిత్ర చెప్పేదాన్ని. మావారు అబ్బాయిల హైస్కూల్లో లెక్కల మాస్టారు. నా పరిశోధన మా కర్నూలు జిల్లా తూర్పు తాలూకాల్లోని బేచిరాక్ గ్రామాల మీద. మనుషులు విడిచిపోయిన ఊరిని రెవెన్యూ వాళ్ళు అలా అంటారు. దీపం లేని ఊరు అని అర్థం. పొలాలుంటాయి, సర్వే రాళ్ళుంటాయి, పేరు కూడా ఉంటుంది. పొద్దుగూకితే దీపం పెట్టే ఇల్లు మాత్రం ఒక్కటీ ఉండదు. నల్లమల అంచు పొడుగునా, గిద్దలూరు నుంచి ఎర్రగొండపాలెం దాకా, ఇలాంటి ఊళ్ళు చాలా ఉన్నాయి. అవి ఎందుకు పాడయ్యాయి, జ్వరాల వల్లనా, కరువు వల్లనా, దోపిడీల వల్లనా అన్నది నా ప్రశ్న.

మా హెడ్మిస్ట్రెస్ గారికి ఈ పరిశోధన మొదటినుంచీ నచ్చలేదు. "ఉన్న ఊళ్ళ చరిత్రే పిల్లల బుర్రలకు ఎక్కడం లేదు. లేని ఊళ్ళ చరిత్ర ఎవరికమ్మా?" అనేవారు. కుట్టుపని టీచరు ఇంకో అడుగు ముందుకు వేసి, "ఇంగో నాలుగూళ్ళు పాడైనాయంటే మన టీచరమ్మ డాక్టరమ్మ అయిపోతాది. రామకోటి రాసేవాళ్ళను చూసినాం గానీ ఇట్ల పాడుకోటి రాసేవాళ్ళను చూడలేదు" అనేది. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం బెదురుగా ఉండేది. పాప పుట్టడంతో యూనివర్సిటీ వాళ్ళు ఒకసారి గడువు పొడిగించారు. రెండోసారి పొడిగిస్తూ, ఇదే ఆఖరు అని ఉత్తరం పంపారు. ఆ తేదీలోపు నేను స్వయంగా వెళ్ళి, ఆఫీసులో సంతకం చేసి, ప్రతులు ఇవ్వాలి. లేకపోతే రిజిస్ట్రేషను రద్దు. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునే ఓపిక, వీలు నాకు ఇక దొరకవని నాకు తెలుసు.

మా గురువుగారికి ఒక నియమం ఉండేది. కంటితో చూడని ఊరి గురించి ఒక్క వాక్యం కూడా రాయకూడదు. "కాగితాలు అబద్ధాలాడవమ్మా, కానీ వాటికి నిజం చెప్పాలన్న ఆత్రమూ ఉండదు" అనేవారు. నేను ఒక ఊరు తప్ప అన్నీ చూశాను. ఆ ఒక్కటీ పాప కడుపులో ఉన్నప్పుడు వాయిదా పడింది. థీసిస్‌లో దాని గురించి రాసింది ఒక్క పేజీయే. డెబ్బై ఏళ్ళ కిందట విషజ్వరాలతో ఖాళీ అయిందనీ, అప్పటినుంచీ నిర్జనమనీ. ఆ పేజీ కోసం, పాపకు ఎనిమిదో నెల నడుస్తుండగా, మావారితో కలిసి బయలుదేరాను. కంభంలో రైలు దిగి, బేస్తవారిపేట వైపు ఒంటెద్దు బండి మాట్లాడుకున్నాం. ఊరి పేరు ఇక్కడ రాయను. థీసిస్‌లో ఉంది, కావలసినవాళ్ళు చూసుకోవచ్చు.

అంతకుముందు చూసిన పాడూళ్ళన్నీ ఒకలాగే ఉండేవి. రాళ్ళ కుప్పలు, వాటిలోంచి మొలిచిన సీతాఫలం చెట్లు, పూడిపోయిన బావి. ఈ ఊరు అలా లేదు. కప్పులు పోయాయి గానీ గోడలు నిలబడి ఉన్నాయి. పలకరాళ్ళు పేర్చిన గోడలు కదా, మట్టి కరిగినా రాయి కరగదు. వీధి వీధిలాగే ఉంది. గడపలు గడపల్లాగే ఉన్నాయి. ఒక ఇంటి ముందు తిరగలి కింది రాయి భూమిలో పాతి, కాస్త ముందే ఎవరో పిండి విసిరి లేచినట్టు శుభ్రంగా ఉంది. పిట్టల అరుపు వినబడలేదని నాకు తరవాత తట్టింది. అప్పుడు నా ధ్యాసంతా పటం గీసుకోవడం మీద ఉంది.

పాప సంగతి మాత్రం అప్పుడే గమనించాను. కొత్త చోటుకు వెళితే గుక్కపట్టి ఏడ్చే పిల్ల అది. రైల్లో ఏడ్చింది, బండిలో ఏడ్చింది. ఆ వీధిలోకి వచ్చాక నోరు మూసింది. నా భుజం మీదనుంచి ఒక గడప కేసి చూసి, పక్కింటి పిన్నిగారు దాగుడుమూతలాడితే నవ్వినట్టు, బోసినోటితో నవ్వింది. నేను తిరిగి చూశాను. గడప, దాని వెనక ఎండ.

మధ్యాహ్నమైంది. పాపకు ఉగ్గు వేడి చేయాలి. బండాయన ఎద్దుకు నీళ్ళు పెట్టడానికి వాగు దాకా పోయినాడు. మావారు అటువైపు టేపు పట్టుకుని గోడలు కొలుస్తున్నారు. పాప చూసి నవ్విన గడప లోపల మూడు రాళ్ళు పొయ్యిలాగా అమర్చి ఉన్నాయి. ఎంతో సౌకర్యంగా అనిపించింది. నాలుగు ఎండుపుల్లలు ఏరి, అగ్గిపుల్ల గీసి, గిన్నె పెట్టాను. పాపకు ఉగ్గు తినిపించాను. అది ఒక్క ముద్ద కూడా ఉమ్మకుండా తినింది.

బండాయన తిరిగివచ్చి, పొగ చూసి, వీధి మొదట్లోనే ఆగిపోయినాడు. ఎంత పిలిచినా లోపలికి రాలేదు.

"ఎవరమ్మా రాజేసింది?" అన్నాడు దూరం నుంచే.

"నేనే. బిడ్డకు ఉగ్గు కాచాను."

అతను ఎద్దును బండికి కట్టాడు. తిరుగుదారిలో, ఆ పాడూరి వాళ్ళ మనవలు ఇప్పుడు కాపురముంటున్న పల్లె దగ్గర బండి ఆపి, ఒక ఇంట్లోకి వెళ్ళి, ఒక ముసలావిడను వెంటబెట్టుకుని వచ్చాడు. బక్కపలచని మనిషి, చెవులకు బరువైన కమ్మలు. నావైపు చూడలేదు. పాప ముఖంలోకి చాలాసేపు చూసింది.

"పాలు నీవేనా తల్లీ, ఆవుపాలా?"

"నావే అవ్వా."

"పొయ్యి తీసినావా?"

"దానంతట అదే ఆరిపోతుందిలే."

"దానంతట అది ఆరగూడదు" అంది అవ్వ. "గొర్లోళ్ళు అక్కడ నూరు మంటలు ఏసుకోనీ, అవి మంటలే. చంటిబిడ్డ తల్లి పెడితే అది పొయ్యి. ఊరు కట్టేటప్పుడు మొదట చంటిబిడ్డ తల్లితోనే పొయ్యి పెట్టిస్తారు. నువ్వు పెట్టినావంటే ఊరు లేసినట్టే. వద్దనుకుంటే, పెట్టినామే తన చనుబాలు పోసి తీసెయ్యాల. దిక్కులేక అదే సచ్చిపోతే, పెట్టినామె బిడ్డకు మంచిది గాదు. ఎనక్కి పోయి తీసేసి రా తల్లీ. ఎంత దూరమని."

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. మీరూ ఇలాంటి పనిలోకి దిగుతున్నారు గనక చెబుతున్నాను. ఆ మాటలు వింటుంటే నా గుండె ఝల్లుమంది గానీ, భయంతో కాదు. ఇంత మంచి ఆచారం, ఇంతవరకూ ఎవరూ రాయనిది, ఆఖరి నిమిషంలో దొరికింది కదా అని. గబగబా పెన్సిలు తీసి, "కాస్త నెమ్మదిగా చెప్పవ్వా" అన్నాను. ఆమె నెమ్మదిగా, మొదటినుంచి మళ్ళీ చెప్పింది. నేను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. మావారు గడియారం చూసి నవ్వుతూ, "నీ పొయ్యి పుణ్యమా అని రైలు పోయేట్టుంది" అన్నారు. అవ్వ నా పెన్సిలునే చూస్తూ ఉంది.

"రాసుకున్నావు గదా?" అంది.

"రాసుకున్నానవ్వా."

"సరే అయితే. పోయి రండి." ఆమె ముఖం తేటపడింది. తన మాట పుస్తకంలోకి ఎక్కుతుందని సంతోషించింది కాబోలు అనుకున్నాను.

మార్కాపురం వచ్చాక టైపు పని మొదలైంది. బజారు వీధిలో ఒక సాయిబు గారి టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పెద్దాయన, కళ్ళజోడు ఒక కాడ దారంతో కట్టుకునేవాడు. వేళ్ళు మాత్రం మిషను మీద వానలాగా పడేవి. టైపు చేస్తూ చదివేవాడు, చదువుతూ వ్యాఖ్యానించేవాడు.

"ఏందమ్మా ఇది, పేజీకొక ఊరు పోతాంది. నిన్న పొద్దుననుంచి నా మిషన్ మీదనే పది ఊళ్ళు పాడైనాయి. మా ఇంట్లో అడిగితే ఏం చెప్పాల? దుకాణంలో ఏం చేస్తాండావంటే ఊళ్ళు కూలుస్తాండానని చెప్పాల్నా?"

"మీరు కూల్చడం లేదండీ, కూలినవి రాస్తున్నారు."

"రాసినోడే కూల్చినోడంటారమ్మా మా కాడ" అని నవ్వేవాడు. అవ్వ చెప్పిన ఆచారం వచ్చిన పేజీ దగ్గర మాత్రం నవ్వలేదు. ఆగి, "ఇది అడుగున చిన్నగా ఎయ్యాల్నా?" అన్నాడు. అధోజ్ఞాపిక కదా, అడుగునే ఉండాలన్నాను. ఆయన భుజాలెగరేసి అడుగున వేశాడు.

ఆ రోజుల్లోనే ఒకటి మొదలైంది. దీని గురించి మావారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. సరిగ్గా దీపాలు పెట్టే వేళకు నాకు పాలు చేపుకొచ్చేవి. పాప నిద్రలో ఉన్నా, కడుపునిండా తాగి ఉన్నా, పక్కింట్లో ఆడుతున్నా సరే. బిడ్డ ఏడుపు వినబడితే తల్లికి పాలు వస్తాయని తల్లులందరికీ తెలుసు. నాకు ఏ ఏడుపూ వినబడేది కాదు. రవిక తడిసిపోయేది. కాసేపటికి, ఎవరో తాగేసినట్టు, రొమ్ము తేలికైపోయేది. మరునాడు మళ్ళీ అదే వేళకు. మొదట్లో అలసట అనుకున్నాను. తరవాత ఆ వేళ దగ్గరపడుతుంటే చేతిలో పని వదిలేసి గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. పాప మాత్రం ఆ వేళకు మెలకువగా ఉంటే, మౌనంగా, పడమటి కిటికీ కేసి చూస్తూ ఉండేది.

మావారు డాక్టరు దగ్గరకు పోదామన్నారు. థీసిస్ ఇచ్చేశాక పోదామన్నాను.

ఒకరోజు సాయిబు గారు పేజీలు అప్పగిస్తూ, "అమ్మా, మా బామ్మర్ది గాజుల మూట ఎత్తుకుని బేస్తవారిపేట పక్క పల్లెలకు తిరుగుతాడు. నీ పుస్తకంలో ఊరు ఉండాదే, కొండ కింద ఆ ఊరు, దాంట్లోంచి పొగ లేస్తాందంట. మనిషి గూడా అగపడిందంట" అన్నాడు.

నాకు భయం వేసింది. ఎందుకో దాచకుండా చెబుతాను. ఆ ఊళ్ళో మనుషులుంటే నా పేజీ తప్పవుతుంది. పేజీ తప్పయితే, కొండ అంచున ఒక్క ఊరు కూడా మళ్ళీ లేవలేదన్న నా ముగింపు దెబ్బతింటుంది. ముందుగా తట్టింది అదే. గొర్రెల కాపరులై ఉంటారని మావారు అన్నారు. నేనూ అదే అనుకోదలచుకున్నాను. ప్రతులు బైండింగుకు వెళ్ళాయి.

ప్రయాణం రోజు పొద్దున, నల్ల అట్టల ప్రతులు గుడ్డలో మూటగట్టి గుమ్మంలో పెట్టి, పాపకు తల దువ్వుతున్నాను. మరునాడే ఆఖరు తేదీ. తలెత్తి చూస్తే అరుగు మీద అవ్వ కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"ఊళ్ళ గురించి రాసే టీచరమ్మ ఇల్లంటే చూపించినారు" అంది. పాపను చూసి, "బాగుండాదా?" అని అడిగింది.

"బాగుంది అవ్వా. ఏమిటిలా వచ్చావు?"

"నువ్వు రాలేదని."

నాకు అర్థం కాలేదు. ఆమె వేలితో గాలిలో రాస్తున్నట్టు చూపించింది. "రాసుకొని పోయినావు గదా. మా కాడికి ఏ ఆఫీసరు వచ్చినా, రాసుకుంటే ఆ పని జరుగుతాది, రాసుకోకపోతే జరగదు. నువ్వు రాసుకున్నావు. రాసుకున్నామె వస్తాదిలే అని చెప్పినాను అందరికీ. అప్పటిదాకా పొయ్యి ఆరిపోకుండా ఎవరో ఒకరు కూసోవాల గదా. చంటిబిడ్డ తల్లే కూసోవాల. మా మనవరాలిని కూసోబెట్టినాం."

"ఎక్కడ?" అన్నాను, తెలిసి కూడా.

"ఆడనే. ఆకులతో ఇంత చూరు ఏసినాం. పగలు మేం పోతాండాం, వస్తాండాం. పొద్దుగూకినాక ఆడ మొగోళ్ళు ఉండగూడదు, ముసిలోళ్ళు ఉండగూడదు. అదీ దాని బిడ్డే."

మావారు బయటికి వచ్చారు. "ఎందుకు అవ్వా ఇదంతా? ఇన్ని నీళ్ళు పోస్తే అయిపోయేది కదా."

"ఎవరి బిడ్డకు అయిపోయేది నాయనా?" అంది అవ్వ. గొంతు పెంచలేదు. "మీ బిడ్డ కోసమే గదా, మా బిడ్డను ఆడ పెట్టింది."

 మావారు నమ్మలేదు. నేనూ నమ్మానని చెప్పలేను. కానీ ముక్కూ మొహం తెలియని వాళ్ళు నా కూతురు బతకాలని తమ పసిబిడ్డను తీసుకుపోయి ఆ గోడల మధ్య పెట్టారు. నేను ఆ ఆచారాన్ని అధోజ్ఞాపికగా వేయించుకున్నాను.

"ఇప్పుడు మనవరాలి బిడ్డకు జ్వరం" అంది అవ్వ. "మనవరాలికి పాలు గూడా ఎండిపోయినాయి. ఇంగ నువ్వే రావాల."

రైలుకు వేళయింది. రేపే ఆఖరు తేదీ అని, సంతకం నేనే చేయాలని, ఇచ్చేసి తిరిగివస్తూ తప్పకుండా దిగుతానని చెప్పాను. అవ్వ విన్నది. ఈసారి "సరే" అనలేదు. మాతోనే స్టేషనుకు నడిచి, అదే రైలెక్కి, తలుపు దగ్గర కింద కూర్చుంది. దారి పొడుగునా మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. తర్లుపాడు దాటింది. మావారు ప్రతుల మూట ఒళ్ళో పెట్టుకుని, ఎంత జాగ్రత్తగా పట్టుకున్నారంటే, ఎదుటి బెంచీ మనిషి "లోపల గుడ్లు ఉండాయా అయ్యవారూ?" అని అడిగాడు.

కంభంలో రైలు ఆగింది. అవ్వ లేచి దిగింది. వెనక్కి తిరిగి చూడలేదు. ప్లాట్‌ఫారం మీద ఆమె వీపు దూరమవుతూ ఉంది. చూసి పిలిచి ఉంటే నేను కదిలేదాన్ని కాదేమో. పాపను చంకనేసుకుని దిగిపోయాను.

"ఏమోయ్, సంతకం?" అన్నారు మావారు కిటికీలోంచి. కోపంగా కాదు, లెక్క ఎక్కడో తప్పిందన్నట్టు.

"గురువుగారికి ఏదో ఒకటి చెప్పండి."

"ఏం చెప్పను?"

రైలు కదిలింది. ఆయన పాప గుడ్డల సంచీని కిటికీలోంచి అందించారు. అదొక్కటే ఆయన చేయగలిగింది, అది చేశారు.

ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. వీధి మొదట్లో అవ్వ ఆగిపోయింది. నేనూ పాపా లోపలికి వెళ్ళాం. ఆ గడప లోపల, ఆకుల చూరు కింద, పద్దెనిమిదేళ్ళు ఉంటాయో లేదో, ఒక పిల్ల కూర్చుని ఉంది. ఒళ్ళో బిడ్డ. ముందు నా మూడు రాళ్ళు, వాటి మధ్య నిప్పు.

"వచ్చినావా అక్కా" అంది. "ఇన్నాళ్ళు పట్టిందా నీకు రాసేదానికి?"

 ఆ బిడ్డను తీసుకున్నాను. ఒళ్ళు కాలుతోంది, ఏడవడానికి కూడా ఓపిక లేదు. కానీ రొమ్ము దగ్గరికి తీసుకోగానే, వెతుక్కోకుండా, అలవాటైనట్టు పట్టుకుంది. ఆ పిల్ల మమ్మల్ని చూస్తూ ఉండిపోయింది.

"నువ్వేనా అక్కా?" అంది మెల్లగా.

"ఏమిటి?"

"పొద్దుగూకితే ఎవరో వస్తాండారు. నేను తలెత్తి చూళ్ళేదు, చూడొద్దని మా అవ్వ చెప్పింది. నా పక్కనే కూసునేది తెలుస్తాది. బిడ్డ ఏడుపు ఆపేస్తాది. పాలవాసన వస్తాది. పొయ్యేటప్పుడు గాజుల చప్పుడు గూడా ఉండదు. నాకు పాలు లేకపోయినా బిడ్డ ఇన్నాళ్ళు నిలబడిందంటే దాంతోనే." నా చేతులు చూసింది. "నీకు గాజులుండాయే."

గాజులు ఎప్పుడూ ఉన్నాయి. దీపాల వేళ గోడకు ఆనుకుని కూర్చున్నప్పుడు నా చేతులు ఎలా ఉండేవో, ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాలేదు.

బిడ్డ తాగి నిద్రపోయింది. నేను వంగి, పొయ్యి మీదకు చనుబాలు పిండాను. నాలుగు చుక్కలే. అంత నిప్పు అంత కాసిని పాలకు ఆరుతుందని అనుకోలేదు. ఎవరో ఊపిరి లోపలికి పీల్చుకున్నట్టు చప్పుడై ఆరిపోయింది. పొగ పైకి లేవలేదు. నేల మీదనే పాకుతూ, గడప దాటి, వీధి వెంబడి, ఒక్కొక్క ఇంటి గుమ్మం దగ్గర కాస్త ఆగినట్టు ఆగి, సాగిపోయింది. అంతవరకూ గడప కేసి నవ్వుతున్న మా పాప ఒక్కసారిగా గుక్కపట్టి ఏడ్చింది, కొత్త చోట ఎప్పుడూ ఏడ్చినట్టే. ఆ ఏడుపు వింటే నాకు ప్రాణం లేచివచ్చింది.

ఆ పిల్ల చాప చుట్టుకుని లేచింది. గడప దాటేటప్పుడు తల వంచి, లోపలికి, "పోయొస్తాం" అంది. ఎవరితో అని నేను అడగలేదు.

ఆ రాత్రి అవ్వ వాళ్ళ ఇంట్లో పడుకుని, మరునాటి రైలుకు ఎక్కాను. యూనివర్సిటీ చేరేసరికి గడువు దాటిపోయింది. గురువుగారు తమ గదిలో, నా ప్రతులు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. మావారు మూలన ఒక స్టూలు మీద, మార్కులు తక్కువొచ్చిన పిల్లాడిలాగా ఉన్నారు.

"జ్వరమని ఆఫీసులో చెప్పి, ఈ రోజు సాయంత్రం దాకా మాట తీసుకున్నాను" అన్నారు గురువుగారు. "నేను ఉద్యోగంలో ఆడిన మొదటి అబద్ధం. మీ ఆయన ఏదో పొయ్యి అంటున్నాడు. ఇక నువ్వు నిజం చెప్పు."

చెప్పాను. దీపాల వేళ పాల సంగతి, గాజుల సంగతి తప్ప అంతా చెప్పాను. ఆయన దేవుడి ఉత్సవ శాసనాన్ని కూడా పన్నుల లెక్కల కోసం తప్ప చదవని మనిషి. నవ్వుతారనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"పొయ్యి వెలిగిందా?"

"వెలిగిందండీ."

"ఆ పిల్లా బిడ్డా అక్కడ వండుకుని, తిని, పడుకున్నారా?"

"అవునండీ."

"దాన్నే కదా నివాసం అంటాం. అయితే డెబ్బై ఏళ్ళుగా నిర్జనం అన్న నీ పేజీ తప్పు. తప్పు పేజీ మీద నేను సంతకం పెట్టను." కలం మూత తీసి నా చేతికిచ్చారు. "దిద్దు."

"ముగింపు అధ్యాయం దెబ్బతింటుందండీ."

"తిననీ."

ఆ బల్ల దగ్గరే నిలబడి, ప్రతి ప్రతిలోనూ ఆ వాక్యం కొట్టేసి, పైన సిరాతో రాశాను. ఈ సంవత్సరం ఈ గ్రామంలో తిరిగి నివాసం ఏర్పడిందనీ, ఇదే సంవత్సరం తిరిగి నిర్జనమైందనీ. ముగింపులో కూడా ఒక వాక్యం మార్చాను. ఆఫీసు మూసే వేళకు సంతకం చేసి, ప్రతులు అప్పగించాం. గుమాస్తా నా ముఖం చూసి, "జ్వరం తగ్గినట్టు లేదే" అన్నాడు. ఆ పూట దీపాలు పెట్టే వేళకు సత్రం గదిలో కూర్చుని ఎదురుచూశాను. రవిక తడవలేదు. తరవాత కూడా ఎప్పుడూ తడవలేదు. ఆ పిల్ల బిడ్డకు జ్వరం తగ్గి, ఇంట్లో పాకుతోందని సాయిబు గారి బామ్మర్ది ద్వారా కబురు వచ్చింది.

కొన్ని నెలలకు మౌఖిక పరీక్షకు పిలిచారు. పరీక్షకుడు మద్రాసు వైపునుంచి వచ్చిన పెద్దాయన. చాలాసేపు శాసనాల గురించి అడిగారు. కరువు రిపోర్టుల గురించి అడిగారు. నేను బాగానే చెప్పాను. చివరికి, గుర్తుగా కాగితం పెట్టుకున్న చోట, సిరాతో దిద్దిన పేజీ తెరిచారు.

"ఇన్ని ఊళ్ళు రాశారు. ప్రతి ఊరికీ ఆధారం చూపించారు. ఈ ఒక్క ఊరు ఎప్పుడు పాడైందో ఇంత ఖచ్చితంగా రాశారు, ఆధారం మాత్రం చూపించలేదు. మీకెలా తెలుసు?"

"పాడుచేసింది నేనేనండీ" అన్నాను.

ఆయన గురువుగారి వైపు చూశారు. గురువుగారు పైకప్పు చూస్తున్నారు. పరీక్షకుడు ఎవరినీ వివరం అడగలేదు. పేజీ మీద అరచెయ్యి పెట్టారు.

"ఇప్పుడు అక్కడ ఎవరూ లేరని మీకు నమ్మకమేనా?"

అవుననడానికి నోరు తెరిచాను. ఆ ఒక్క మాటతో పరీక్ష అయిపోతుందని నాకు తెలుసు. గదిలో ఇద్దరూ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నారు.

"లేరని రాశానండీ" అన్నాను.

ఆయన నన్ను చూసి, పుస్తకం మూశారు.